నాలుగో గది పేషెంటు

ఒకసారి తప్పిన పరీక్షే. అయినా తలుపు ముందు నిలబడేసరికి మారెన్ అరచేతులకు చెమట పట్టింది.

వెస్ట్ వర్జీనియాలో ఆ మెడికల్ కాలేజీ రెండో అంతస్తు గదులు అచ్చం ఆస్పత్రి గదుల్లాగే ఉంటాయి. మంచం, బీపీ మిషను, గోడకి గుండె బొమ్మ. లోపల కూర్చునే పేషెంట్లు మాత్రం నటులు. పరీక్షల కోసం కాలేజీయే పిలిపిస్తుంది. రోగం వాళ్లకిచ్చిన కాగితంలో ఉంటుంది, ఒంట్లో ఉండదు.

పోయినసారి తన మీద రాసిన మాట మారెన్‌కి ఇంకా గుర్తే. "కంప్యూటర్ వంకే చూసింది. పేషెంటు వంక చూడలేదు."

ఈసారీ తప్పితే ఏడాది పోయినట్టే.

నాలుగో గది తలుపు మీద చీటీ ఉంది. మగ, యాభై ఎనిమిది. సిగరెట్లు, బీపీ. ఆరోగ్య సలహాలు ఇవ్వండి. పన్నెండు నిమిషాలు.

"మధ్యలో ఎర వేస్తారు," అని రూమ్మేట్ ముందే చెప్పింది. "అక్కడ నొప్పి, ఇక్కడ నొప్పి అంటారు. దాని వెనక పడ్డావో, టైమైపోతుంది. చీటీలో ఉన్నది చేసి బయటపడు."

లోపల కుర్చీలో భారీ మనిషి. చేతిలో టోపీ, మొహం నిండా చెమట. జాకెట్ చేతి మీద చిన్నపిల్లలు అంటించే మెరుపు నక్షత్రం.

వేషం బాగా కట్టాడే అనుకుంది మారెన్.

"హలో అండీ, నా పేరు మారెన్. మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

"డెల్బర్ట్ స్టాంపర్. ఎలా పిలిచినా పలుకుతాను తల్లీ. కాస్త ఊపిరి తీసుకోనీ. మీ లిఫ్టు పనిచెయ్యట్లేదు."

"ఈ కాసిని మెట్లకేనా?"

"అదేగా నా బాధ. మెట్లెక్కితే ఇదిగో, ఈ దవడ పీకేస్తోంది. వారం నుంచీ ఇదే వరస."

వేశాడు ఎర. మారెన్ లోలోపల నవ్వుకుంది.

"అది వచ్చేసారి చూద్దాం. రోజుకెన్ని సిగరెట్లు?"

కళ్లలోకి చూస్తూ అడిగింది. కంప్యూటర్ వంక తల తిప్పితే ఒట్టు.

"పెట్టె. మా ఆవిడ లెక్కలో అయితే సగం పెట్టె."

సిగరెట్ మానితే గుండెకి ఎంత మంచిదో చెప్పింది. ఉప్పు తగ్గించమంది. బేకన్ లాంటి ఉప్పు మాంసాలు, గ్రేవీ ఆదివారానికి దాచుకోమంది. రోజూ అరగంట వేగంగా నడవమంది.

"అరగంటే? పోస్టు డబ్బా దాకా వెళ్లొచ్చేలోపే రెండుసార్లు ఆగుతున్నాను."

"మొదట్లో అలాగే ఉంటుంది. అలవాటైపోతుంది."

అతను బుద్ధిగా తలూపాడు. పెన్ను అడిగి తీసుకుని అరచేతిలో 'అరగంట' అని రాసుకున్నాడు.

పదకొండో నిమిషానికి అన్నీ అయిపోయాయి. మారెన్ గుండెల మీంచి బరువు దిగింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించింది.

"ఇది అడక్కూడదేమో. కానీ మీరు భలే చేశారండీ. ఆ చెమట ఎలా తెప్పించారు?"

డెల్బర్ట్ టోపీతో మొహం తుడుచుకున్నాడు.

"నేను తెప్పించానా?"

"పర్లేదు, మన టైమైపోయింది. మీకేం జబ్బు లేదని నాకు తెలుసుగా."

"ఏం లేదా?"

"ఏమీ లేదు."

"అంటే ఇదంతా నేను తెచ్చిపెట్టుకున్నదే అంటావు."

"అంతేగా మరి."

ఆ పెద్ద మొహం మెల్లగా ఎర్రబడింది. టోపీ అటూ ఇటూ తిప్పాడు.

"సిగ్గుగా ఉంది తల్లీ. నీ టైమంతా దండగ చేశాను. బండి నడపొచ్చో లేదో అడిగి రమ్మని మా ఆవిడ ఒకటే పోరు. నడపొచ్చుగా?"

"హాయిగా నడుపుకోండి."

రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని ఊపి, వెళ్లిపోయాడు.

మారెన్ ఇంకా సంబరంగా కాగితాలు నింపుతూనే ఉంది. మెడలో కాలేజీ బ్యాడ్జీ ఉన్న సన్నపాటి మనిషి తలుపు తోసుకుని వచ్చాడు.

"సారీ మిస్. దార్లో టైరు పంక్చరైంది. నేను గ్యారీని, మీ పేషెంటుని. మొదలుపెడదామా?"

అయితే పరీక్ష మళ్లీ చెయ్యాలా?

ముందు ఆమెకొచ్చిన ఆలోచన అదే. తర్వాత ఎన్నేళ్లయినా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

కిందికి పరుగెత్తింది. పార్కింగ్ అంతా వెతికింది. ఎవరూ లేరు. మళ్లీ మూడో అంతస్తు దాకా పరుగెత్తింది. గురువారాల్లో అక్కడ ఉచిత క్లినిక్ పెడతారు.

"స్టాంపరా?" అంది కౌంటర్లో విల్మా. "రెండింటికి నాలుగో గదికి రమ్మన్నాం. గుండె డాక్టరు కాసుకుని కూర్చున్నారు. రానేలేదు."

"వచ్చాడు. కింద అంతస్తు నాలుగో గదికి వచ్చాడు. ఇంకో అంతస్తు ఎక్కలేక..."

"మరి అక్కడ ఎవరు చూశారు?"

మారెన్ మెళ్లో స్టెతస్కోపు తీసి జేబులో కుక్కుకుంది.

"నేను."

"ఏం చెప్పావు?"

"ఏమీ లేదన్నాను. రోజూ అరగంట నడవమన్నాను."

విల్మా కళ్లజోడు సర్దుకుని, రిజిస్టర్లో నంబరు చూసి డయల్ చేసి, ఫోను స్పీకర్లో పెట్టింది. గోడ గడియారంలో రెండూ నలభై.

ఆరుసార్లు మోగింది. తర్వాత, ముందే రికార్డు చేసి పెట్టిన అతని గొంతే, ఏ ఆయాసమూ లేని రోజుల నాటిది, నింపాదిగా పలికింది.

"డెల్బర్ట్‌ని. రెండున్నర నుంచి నాలుగు దాకా ఫోనెత్తను, స్కూలు బస్సు నిండా పిల్లలుంటారు. వాళ్లని ఇళ్ల దగ్గర దింపాక నేనే చేస్తాను."