ఉత్తుత్తి సర్పంచి

పైడమ్మ భూషణానికి అన్యాయం చేసింది. అందులో రెండో మాట లేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఆడది కట్టుకున్న మొగుడి మీదే పోటీకి నిలబడటం లోకంలో ఎక్కడా లేదు. పామేడు దాటాక అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో మాత్రం ఉంది.

నిలబెట్టింది ఊరి చివర ఉండే ఇర్మె. బడి ముందు జనమంతా కూర్చుని ఉండగా లేచి, పైడమ్మ పేరు చెప్పింది.

అంతవరకూ సభ భూషణానికి అనుకూలంగానే నడిచింది. సభ పెట్టిన నవీన్‌కుమార్ కిరండూల్ గనుల కాలనీలో పెరిగిన తెలుగు కుర్రాడు. గ్రామసభ అంటే ఏమిటో ఊళ్లకు నేర్పే సంస్థలో కొత్తగా చేరాడు. ఈ ఊరికి రావడం అదే మొదలు. "ఎన్నిక ఉత్తుత్తిదేనండీ, బోరింగు మాత్రం నిజం. గెలిచినవాళ్లు ఎక్కడ వెయ్యమంటే మా సంస్థ అక్కడే వేయిస్తుంది" అన్నాడు.

ఆ మాటతో భూషణం లేచి నిలబడ్డాడు. ఊళ్లో ఉన్నది ఒక్కటే దుకాణం. అది ఆయనది. ఇంకెవరూ లేవలేదు.

"ఇర్మే, నువ్వు నిలబడొచ్చు కదా?" అన్నాడు నవీన్.

"నేను నిలబడితే రేపు సావుకారి దుకాణంల నాకు ఉప్పు పుట్టదు."

"పైడమ్మగారు ఎవరండీ?"

"సావుకారి పెండ్లామే. ఆమెనైతే ఈయన ఏం చెయ్యలేడు."

జనం తలలు వంచుకున్నారు. ఇర్మె పక్కన కూర్చున్న భీమాకు దగ్గు తెర పట్టుకుంది.

"ఏందే ఇర్మే, నా కొంపలోనే పుల్ల పెడుతున్నవ్?" అన్నాడు భూషణం.

"నీకు ఎదురుగ నేను నిలబడ్డనా? నీ ఇంటోళ్ల పేరే చెప్పిన. సర్పంచిగిరీ నీ గడప దాటి పోతదా?"

"అమ్మగారు రాలేదే? ఒంట్లో బాగోలేదా?" అన్నాడు నవీన్.

"అప్పట్ల ఉండె. ఇప్పుడు ఏ నొప్పీ లేదు. ఇల్లు కదలదు, అంతే" అంది ఇర్మె.

"నిలబడటం ఆవిడకు ఇష్టమేనా?"

"వద్దని అనదు."

నవీన్ భూషణం వైపు తిరిగాడు. "మీకేమైనా అభ్యంతరమా అండీ?"

భూషణం లెక్క వేసుకున్నాడు. రెండేళ్లయింది పైడమ్మ పొయ్యి దగ్గరికి రావడం మానేసి. అన్నం తనే వండుకుంటున్నాడు, మాడితే తనే తింటున్నాడు. మాట మీద మాట విసిరినా ఆవిడ దగ్గర్నుంచి జవాబు లేదు. నోరు విప్పని మనిషికి ఎవడు ఓటేస్తాడు? ఇంకొకరు లేచేకంటే ఇదే మేలు.

"నాకేం? నిలబడనీ. డిపాజిట్టు గూడ రాదు."

"ఆడవాళ్లు ముందుకు రావాలని మేం ఎంత మొత్తుకున్నా రారండీ. మీలాంటి భర్త ఉంటేనే సాధ్యం" అని నవీన్ ఆయన చేయి పట్టుకుని ఊపాడు. భూషణం చేయి లాక్కున్నాడు.

ఇక ప్రసంగాలు.

"బోరింగు నా దుకాణం ముందర పడాలె. నీళ్లకొచ్చినోళ్లు ఉప్పో సబ్బో కొనుక్కొని పోవచ్చు. రెండు పనులు ఒక్క తొవ్వలనే అయితయి" అని భూషణం కూర్చున్నాడు.

"పైడమ్మగారి తరఫున?"

భీమా లేచాడు. "ఆమె తినదు. తాగదు. అబద్ధం ఆడదు. ఎవరితోని పంచాయితీ పెట్టుకోదు." కూర్చున్నాడు.

చప్పట్లు మోగాయి.

"ఇంత నిజాయితీ గల అభ్యర్థిని నేనెక్కడా చూడలేదండీ" అన్నాడు నవీన్, నిజంగానే కదిలిపోయి. "మరి బోరింగు ఎక్కడ వెయ్యాలంటారావిడ?"

"ఎప్పుడో చెప్పింది. దొర్ల పారాలనే. ఊరంత విన్నది" అంది ఇర్మె.

దొర్ల పారా అంటే ఊరి చివర ఇర్మె వాళ్ల ఇళ్లు. అక్కడి ఆడవాళ్లు ఇప్పటికీ వాగు నుంచే నీళ్లు మోస్తారు. నోరు విప్పినన్నాళ్లూ ఆ సంగతి మీద పైడమ్మ భూషణాన్ని సతాయించని రోజు లేదు. సొంత దుకాణం ముందు పడాల్సిన బోరింగును ఊరి చివరికి తోలే ఆడదాన్ని ఆయన ఇంకెక్కడా చూడలేదు.

ఓటంటే ఇప్పగింజ. భూషణం తరఫున దుకాణంలోని బిస్కెట్ల డబ్బా పెట్టారు. ఇర్మె పోయి, భూషణం పెరట్లో బోర్లించి ఉన్న పైడమ్మ నీళ్లకుండ తెచ్చి పెట్టింది. రెండింటికీ అడ్డంగా చీర కట్టారు. ఒక్కొక్కరే లోపలికి పోయి గింజ వేసి వచ్చారు. బయటికొచ్చిన ప్రతివాడూ భూషణానికి దండం పెట్టాడు. ఆయన గెలిచాననే అనుకున్నాడు.

నవీన్ చీర తీసి డబ్బా ఊపాడు. ఒకటే గింజ, టంగుమంది. అది ఎవరిదో భూషణానికి తెలుసు. కుండ ఊపాడు. చప్పుడే లేదు. గింజలు ఊగడానికి లోపల సందుంటే కదా!

"సావుకారీ, నీ ఇంటికే వచ్చింది కదా సర్పంచిగిరీ, ముఖం అట్ల పెడ్తవేంది?" అన్నాడు భీమా.

"నోర్ముయ్యిరా."

"పదండి, సర్పంచిగారికి దండ వేసి అభినందించి వద్దాం" అన్నాడు నవీన్. గెలిచినవాళ్ల కోసం బంతిపూల దండ ముందే తెచ్చుకున్నాడు. జనమంతా వెంట నడిచారు. డోలు కూడా ఎవరో తెచ్చారు.

గుమ్మం ముందు భూషణం ఆగాడు. తాళం తీయడానికి చాలాసేపు పట్టింది. నవీన్ చెప్పులు విడిచి, లోపల చీకట్లోకి చూస్తూ, "అమ్మా, పైడమ్మగారూ!" అని పిలిచాడు.

డోలు ఆగిపోయింది. ఇర్మె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భూషణం కుర్రాడి చేతిలోని దండ లాక్కున్నాడు.

"ఈ సర్పంచి ముచ్చట నా దగ్గర మళ్ల ఎవ్వడూ ఎత్తొద్దు, నేను గూడ ఎత్త" అంటూ గోడ మీది పైడమ్మ ఫొటోకున్న ఎండిన దండ తీసేసి కొత్తది వేశాడు.