బండ్లు రాని దారి

మూడో రోజు పొద్దున్నే దర్జీ సైకిలు వెనక టైరు తుస్సుమంది.

ఆయన దిగి చూసుకునేలోపే, వెనక వస్తున్న అతను తన సైకిలు గట్టు మీద పడుకోబెట్టి సంచీలోంచి పంపూ, జిగురూ తీశాడు. ఇద్దరి సామానూ అతని సైకిలు మీదే ఉంది. మొదటి రోజే పట్టుబట్టి ఎక్కించుకున్నాడు.

“నేను చేసుకుంటాలే,” అన్నాడు దర్జీ.

“మీరు కూర్చోండి. అయిదు నిమిషాల పని.”

ఒక పక్క నది, ఇంకో పక్క రెల్లు. మధ్యలో రెండు సైకిళ్లు పట్టేంత మట్టి బాట. ఒకప్పుడు పడవలకి తాళ్లు కట్టి ఈ గట్టు మీంచే లాక్కెళ్లేవారట. ఇప్పుడు సైకిళ్లనీ, నడిచేవాళ్లనీ తప్ప దేన్నీ రానివ్వరు. ఈ సంగతులన్నీ దర్జీకి కూతురు చెప్పినవే.

“ఆరు రోజుల దారి నాన్నా. ఒక్క బండి కూడా ఎదురు రాదు. నీకు బెంగే అక్కర్లేదు,” అంటూ మ్యాపు మీద నీలం పెన్సిలుతో గీత గీసింది. అరవై దాటిన తండ్రిని రోజూ మైదానానికి తీసుకెళ్లి, సీటు పట్టుకుని వెనక పరుగెత్తి, మరిచిపోయిన సైకిలు మళ్లీ నేర్పింది.

ఇంకో పది రోజుల్లో ప్రయాణం అనగా ఆ పిల్ల పోయింది. రెండేళ్లయింది.

ఆమె పోయిన నెలకి అతను మొదటిసారి ఇంటికొచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. దర్జీ భార్య చూసి, మొహం మీదే తలుపు వేసేసింది. మళ్లీ ఆదివారం వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. ఏడోసారి, వానలో తడుస్తూ నిలబడ్డ మనిషిని చూడలేక దర్జీ వరండాలో కుర్చీ వేశాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అంతే. ఒకరు మిషను తొక్కుతుంటే, ఇంకొకరు కింద పడ్డ గుడ్డ ముక్కలు ఏరేవారు.

అతను బేకరీలో పనిచేస్తాడు. ముందు బయటి పనులు చూసేవాడు. ఆమె పోయాక యజమానిని బతిమాలుకుని లోపల పొయ్యి దగ్గరికి మారిపోయాడు.

ఒక ఆదివారం దర్జీ మ్యాపు తెచ్చి అతని ముందు పరిచాడు. “వస్తావా?”

అతను ఆ నీలం గీత వంక చాలాసేపు చూశాడు. “నేను రాకూడదండీ.”

“రాకూడనివాణ్ని ఎవరైనా పిలుస్తారా?”

బయల్దేరిన రోజు దర్జీ భార్య గడప దాటి బయటికి రాలేదు. కానీ సంచీ విప్పితే, భోజనం పొట్లాలు రెండున్నాయి.

టైరు సిద్ధమయింది. ఇద్దరూ మళ్లీ ఎక్కారు. మధ్యాహ్నం దారిలో కొన్న పొట్లాలు చెట్టు నీడన తినేటప్పుడు అతను ఆవురావురుమంటూ తింటుంటే దర్జీకి ఎక్కడో కలుక్కుమంది.

“నీకు ఆకలి బాగానే వేస్తోందే!”

అతను నోట్లో ముద్ద మింగలేక, పొట్లం కింద పెట్టేశాడు. దర్జీ కాసేపు నది వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత తనే ఆ పొట్లం తీసి అతని ఒళ్లో పెట్టాడు.

“తిను. నోరు జారింది. ఇంకా చాలా దూరం తొక్కాలి.”

నాలుగో రోజు గట్టు తెగి ఉంది. వరదకి కొట్టుకుపోయిందట. రెండు కిలోమీటర్లు పెద్ద రోడ్డు మీద వెళ్లి మళ్లీ గట్టెక్కాలని బోర్డు పెట్టారు.

రోడ్డు మీద లారీలు రయ్యిమని పోతున్నాయి. అతను సైకిలు దిగి అక్కడే చతికిలబడ్డాడు.

“నా వల్ల కాదండీ. మీరు వెళ్లండి. నేను వెనక్కి పోతాను.”

దర్జీకీ ఆ రోడ్డంటే బెదురే. అయినా చెయ్యి అందించాడు.

“లే. తొక్కొద్దు, నడుద్దాం. నువ్వు లోపలి వైపు ఉండు.”

లారీల వైపు తను నడిచాడు. ఒక వ్యాను హారన్ కొడుతూ పక్కనుంచి దూసుకుపోయింది. అతను కళ్లు మూసుకుని నిలబడిపోయాడు. దర్జీ అతని మణికట్టు పట్టుకున్నాడు. సైకిలు ఒంటి చేత్తో తోసుకుంటూనే, గట్టు ఎక్కేదాకా వదల్లేదు.

చాలా దూరం తొక్కాక అతనే నోరు విప్పాడు. “రోజూ కళ్ల ముందుకొస్తుందండీ.”

“నాకూ వస్తుంది. నవ్వుతూ, నా సీటు పట్టుకుని పరుగెత్తుకుంటూ వస్తుంది. నీకో?”

అతను బ్రేకు నొక్కి వెనకబడిపోయాడు. దర్జీ మళ్లీ అడగలేదు.

ఆరో రోజు సాయంత్రం నీలం గీత అయిపోయింది. అక్కడ నది సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున సైకిళ్ల మీద వచ్చేవాళ్లకి చిన్న బస ఉంది. దర్జీ సైకిలు దిగి నీళ్ల వంక చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు, “వచ్చేశామమ్మా,” అన్నాడు. అతను నాలుగడుగుల దూరంలో తల వంచుకుని నిలబడ్డాడు. కళ్లు తుడుచుకునే ధైర్యం కూడా లేనట్టు.

బస చూసుకునే ఆవిడ రిజిస్టరు తెచ్చింది. “ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో రాయాలండీ. ఇద్దరి సామానూ తన సైకిలు మీదే మోసుకొచ్చాడంటే కొడుకో, అల్లుడో అయ్యుంటాడు. అంతేనా?”

“కాదండీ, నేను...” అని అతను ఆగిపోయాడు.

“మావాడేనమ్మా, అలాగే రాసుకో,” అంటూ దర్జీ చెయ్యి వేసిన ఆ భుజం, రెండేళ్ల కిందట మార్కెట్ మలుపులో తన కూతురి సైకిలుని గుద్దేసిన బేకరీ వ్యాను నడిపినవాడిది.