విమానం కేకు

"ఇంకా పెట్టరేంటండీ?" అని శేషారత్నం మొగుడి మోచెయ్యి గిల్లింది.

విమానం ఎక్కి కూర్చుని చాలాసేపయింది. ఆవిడ విమానం ఎక్కడం ఇదే మొదలు. వీరరాఘవయ్యా అంతే. కానీ మగాడు కదా, అంతా తెలిసినట్టు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"పెడతారే. లండన్ దాకా అంటే మాటలా? ఎస్టీడీ బూత్ జానకిరామయ్యగారు చెప్పలేదూ, వాళ్ల బావమరిది వెళ్లొచ్చాట్ట. రెండు భోజనాలు, మధ్యలో టీ, బిస్కెట్లు. రొట్టె, వెన్న, కోడికూర. ఆఖర్న కేకు."

కేకు అనగానే శేషారత్నం సీట్లో ముందుకి జరిగింది. ఆకలితో కాదు. ఆకలి ఎలాగూ ఉంది. కూతురు పుష్ప గుర్తొచ్చింది.

ఎనిమిదేళ్ల పిల్ల. టైఫాయిడ్ తగ్గిందన్నమాటే గానీ అన్నం చూస్తే మొహం తిప్పేస్తోంది. జావ పోస్తే కక్కేస్తోంది. కాళ్లూ చేతులూ పుల్లలైపోయాయి. "ఏదో ఒకటి లోపలికి వెళ్లకపోతే నేను మాత్రం ఏం చెయ్యనమ్మా" అని డాక్టరు చేతులెత్తేశాడు. ఇడ్లీ, బత్తాయి రసం, మెత్తటి పెసరపప్పు... ఎవరేది చెబితే అది చేసి చూసింది. ఒక్కటీ దిగలేదు. నిన్న మాత్రం, అమ్మా నాన్నా విమానం ఎక్కుతున్నారని వినగానే పిల్ల కళ్లు విప్పింది.

"విమానంలో కేకు పెడతారటగా. అది తెస్తే తింటానమ్మా."

తింటానంది! జ్వరం వచ్చాక ఆ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

అలాంటి పిల్లని పక్కింటి రాజమ్మకి అప్పగించి రావడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది చెప్పండి? కానీ ఏజెంటు బాలనర్సయ్య వింటేగా! "గిప్పుడు రానంటే మిమ్మల్ని ఇంకెన్నడు పిలువ, చూస్కోండ్రి" అన్నాడు. తెల్లారేసరికల్లా రహమత్ నగర్ వచ్చి అందర్నీ వ్యాన్లో ఎక్కించాడు. "సెలవులకు పోతున్నరు, జర నవ్వు మొకం పెట్టుండ్రి. గా ఏడుపేంది?" అని దారి పొడుగునా ఒకటే సతాయింపు.

దూరప్రయాణానికి పులిహోరని మించింది లేదు. అందులోనూ చింతపండు పులిహోర అయితే మర్నాటికీ చెక్కుచెదరదు. శేషారత్నం చీకటితోనే లేచి కలిపి, డబ్బాకి తడిగుడ్డ చుట్టి మరీ తెచ్చింది. తలుపు దగ్గరే ఒకడు లాగేసుకున్నాడు. "తిండి లోపలికి తేకూడదమ్మా, వాసనొస్తుంది" అన్నాడు. అక్కడికి లోపలేదో పన్నీరు చల్లి పెట్టినట్టు!

"కిరసనాయిలు కంపు కొడుతోందండీ."

"విమానం మరి. కిరసనాయిలుతోనే నడుస్తుందిట" అని నవ్వాడు వీరరాఘవయ్య. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, అయినా ఆయన హాస్యానికేం తక్కువ లేదు.

ఒకటే ఉక్కపోత. కిటికీ అవతల తెల్లటి మబ్బు. ఇందాకట్నుంచీ అదే మబ్బు. చూసి చూసి ఆవిడకి విసుగెత్తింది.

ఎట్టకేలకి ఎయిర్ హోస్టెస్ వచ్చింది. ఒంగి, నవ్వి, ఒక్కొక్కరి ముందూ ట్రే పెట్టింది. "చెప్పేదాకా ముట్టుకోకండి" అని మెల్లిగా అంది. ముందు వరసలో ఓ పెద్దమనిషి ఉన్నాడు. ఈ హడావిడంతా ఆయన కోసమే. ఆయనకి ఏదో నచ్చలేదు. అంతే, అందరి ట్రేలూ వెనక్కి వెళ్లిపోయాయి. కాసేపటికి మళ్లీ వచ్చాయి. మళ్లీ వెళ్లాయి. నోటి దగ్గరి కూడు లాగేసుకోవడమంటే ఇదే కాబోలు!

మళ్లీ వచ్చినప్పుడు శేషారత్నం ఇక ఆగలేకపోయింది. కేకు చిన్నదే. పైన ఎర్రటి చెర్రీ పండు. అటూ ఇటూ చూసి, చటుక్కున తీసి కొంగున ముడేసుకుంది.

"ఒసేవ్, చీర మనది కాదే! మరకయిందంటే బాలనర్సయ్య తోలు తీస్తాడు."

"తియ్యనివ్వండి. నా పిల్ల తింటుంది."

వీరరాఘవయ్య తన ట్రేలో కేకు కూడా తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు. తను తినొచ్చుగా, ఊహూ. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

శేషారత్నానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పిల్ల నోరు తెరుస్తుంది. తను చిదిపి, చెర్రీ పండు ముందు పెడుతుంది. దేవుడా, ఈ ఒక్కటీ దిగనివ్వు తండ్రీ! ఇదీ కాదంటే ఇంక దానికి పెట్టడానికి నా దగ్గరేం లేదు.

ముడి మీద చెయ్యేసి అలా దణ్ణం పెట్టుకుంటూ ఉండగానే, నలుగురు మనుషులొచ్చి విమానం గోడని అమాంతం పట్టుకుని పక్కకి జరిపేశారు, ఆ వెనకాల జూబ్లీహిల్స్ స్టూడియోలో లైట్ల మధ్య నిలబడి ప్రొడక్షన్ మేనేజరు గొంతు చించుకున్నాడు, "షాట్ ఓకే, జూనియర్ ఆర్టిస్టులంతా దిగండి, ఆ కేకులు మాత్రం ఎవరూ నోట పెట్టకండి, షాట్ అయ్యేలోపు తినెయ్యకుండా పొద్దున్నే వాటి మీద కిరసనాయిలు చల్లించాం!"