ముత్యం ఖాయం చేసిన బండి

ముత్యం మూడోసారి బండి కిందకి దూరాడు.

అది మామూలు బండి కాదు. పడకగది, వంటగది, స్నానాలగది అన్నీ లోపలే ఉన్న పెద్ద మోటార్‌హోమ్. దోహాలోని ఆ షోరూంలో అలాంటివి రెండున్నాయి. ఒకటి రెండు యాక్సిళ్ళది, అంటే రెండు ఇరుసులది. రెండోదానికి వెనకాల అదనంగా ఇంకో యాక్సిల్ ఉంది.

సేల్స్‌మన్ సువార్తరావు టై భుజం మీదకి వేసుకుని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. పాలకొల్లు నుంచి ఖతర్ వచ్చి ఏడేళ్ళయింది. ఇంత పట్టింపు ఉన్న మనిషిని ఇప్పటిదాకా చూడలేదు. ఎవరొచ్చినా ముందు సోఫా నొక్కి చూస్తారు. ఈయన సోఫా వంక కన్నెత్తి కూడా చూడలేదు.

“నీళ్ళ ట్యాంకు నిండుగుంటె మొత్తం ఎంత బరువుంటదన్నా?” కింద నుంచే అడిగాడు ముత్యం.

“పద్దెనిమిది టన్నులండి. కానీ మూడు యాక్సిళ్ళు కదా, బరువు పంచుకుంటాయి. ఎంత గాలి కొట్టినా ఊగదండి. లోపల కప్పులో టీ తొణకదు.”

“టీ సంగతి ఇడ్సిపెట్టుండ్రి. మలిపేటప్పుడు ఎన్క టైర్లు నేలను గీకుతయా?”

సువార్తరావుకి అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“కొంచెం గీకుతాయండి. రెండు యాక్సిళ్ళదైతే సులువుగా తిరుగుతుంది. కాకపోతే ఒక్కో చక్రం మీద బరువెక్కువ.”

ముత్యం రెండు సంగతులూ పుస్తకంలో రాసుకున్నాడు. టేపు తీసి చక్రానికీ చక్రానికీ మధ్య దూరం కొలిచాడు.

వరల్డ్ కప్ పది నెలల్లోకి వచ్చేసింది. ఊరంతా ఏదో ఒకటి అమ్ముడుపోతోంది, ఈ రెండు బళ్ళు తప్ప. నెలాఖరుకి ఒక్కటైనా కదలకపోతే సువార్తరావుని ఇండస్ట్రియల్ ఏరియా గోడౌన్‌కి పంపేస్తానని మేనేజర్ రఫీయుద్దీన్ చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే ముత్యం తెల్ల పికప్‌లో వచ్చి దిగాడు.

“యాక్సిల్ ఎక్కువున్నది మంచిదా, తక్కువున్నది మంచిదా సూసి రమ్మన్నడు మా అర్బాబ్. వరల్డ్ కప్పు పని. నలబై బండ్లకు ప్లాను,” అన్నాడు.

నలభై!

అర్బాబ్ అంటే యజమానే. ఆయన తరఫున నమ్మకస్తుడు వచ్చాడని సువార్తరావుకి అర్థమైపోయింది. వెంటనే పక్కకెళ్ళి పాలకొల్లులో ఉన్న భార్యకి ఫోన్ చేశాడు. “సౌభాగ్యం, నలభై! ఎవరికీ చెప్పకు. ప్రార్థన మాత్రం చెయ్యి.”

ఇప్పుడు ముత్యం బండి కింద నుంచి బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు.

“ఈ మూడు యాక్సిల్ల బండే అన్నా. మా ఇంజనీరు గూడ ఇదే అంటున్నడు. దీని మీదనే ఖాయం.”

సువార్తరావు ఆ బండి తాళం జేబులో వేసుకున్నాడు. “అయితే దీన్ని ఎవరికీ ఇవ్వనండి. మీకోసం అట్టే పెడతాను. మాటంటే మాటే.”

“మంచిది, ఉంచుండ్రి. మల్లొకపారి కొలుస్తనేమో,” అంటూ ముత్యం వెళ్ళిపోయాడు.

ఇదంతా ఖదీజా అనే ఖతరీ పెద్దావిడ చూస్తూనే ఉంది. కారు సర్వీసింగ్‌కిచ్చి అక్కడ కూర్చుందావిడ. మనవలతో ఎడారిలో విడిదికి వెళ్ళడానికి ఆవిడక్కూడా ఓ పెద్ద బండి కావాలి.

“ఆ మనిషి మూడుసార్లు కింద దూరి మరీ ఎంచాడే, నాకదే కావాలి,” అంది.

“అది ఆయనకి మాటిచ్చేశానమ్మా. పక్కది చూడండి, చాలా బావుంటుంది.”

“అంత బావుంటే అతనెందుకు తీసుకోలేదు?”

ఆవిడ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడు ఏకంగా రఫీయుద్దీన్ గదిలోకే వెళ్ళి కూర్చుంది.

“నెలాఖరు ఎల్లుండే సువార్తరావ్,” అన్నాడు మేనేజర్. “మీ ముత్యం సంతకం పెట్టాడా?”

సువార్తరావు ముత్యానికి పదకొండుసార్లు ఫోన్ చేశాడు. డ్యూటీలో ఉన్నాడేమో, ఎత్తలేదు. సాయంత్రానికి కాగితాల మీద ఖదీజా సంతకం పడింది. షోరూంలో అందరూ చప్పట్లు కొట్టారు. సువార్తరావు కూడా కొట్టాడు గానీ చేతులు సరిగ్గా కలవలేదు. ఒక్క బండి కోసం నలభై పోగొట్టుకున్నాడు. అంతకంటే, మాట పోగొట్టుకున్నాడు.

శుక్రవారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగించింది వేరే సంగతి మీద. సువార్తరావుకి మాత్రం మాట తప్పినవాళ్ళ గురించే వినబడింది. బయటికి రాగానే నజ్మా బజారులో స్వీట్ల డబ్బా కొని, వాకబు చేసుకుంటూ బర్వా అల్ బరాహా కూలీల క్యాంపుకి వెళ్ళాడు. ముత్యం గది ముందు బనీను పిండి ఆరేసుకుంటున్నాడు.

అర్బాబ్‌కి అంత దగ్గరవాడు ఇలాంటి చోట ఉండడమేమిటని సువార్తరావుకి తట్టనే లేదు. ఎంత సాదాసీదా మనిషి అనుకున్నాడు. దానితో బాధ ఇంకా పెరిగింది.

“క్షమించండి ముత్యం గారూ. మీరు ఖాయం చేసిన బండి అమ్మేశాను.”

“అమ్ముడువోయిందా? మస్తు సంతోషమన్నా! లోపటికి రాండ్రి, చాయ్ తాగుదాం.”

“అది కాదండీ. అలాంటివే నలభయ్యీ తెప్పిస్తాను. మీ అర్బాబ్ గారితో నేను మాట్లాడతాను. మీరు మాత్రం ఇంకో షోరూంకి వెళ్ళకండి.”

ముత్యం తడి బనీను చేత్తో పట్టుకునే సువార్తరావు మొహంలోకీ, స్వీట్ల డబ్బా వంకా మార్చి మార్చి చూశాడు.

“బండి కొనుడేందన్నా, వరల్డ్ కప్పుకొచ్చే అసొంటి బండ్లు నిలవెట్టే జాగల గచ్చు పోసే మేస్త్రీని నేను, ఎంత మందం పోస్తె పగలదో సూసి రమ్మంటె వచ్చిన!”