విడివిడిగా బంగారం

“ఇంకోసారి కొట్టు బావా.” హెడ్‌ఫోన్లలో బామ్మర్ది గొంతు వినిపించింది.

బావ కొట్టాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. కాలి దెబ్బకి పెద్ద డ్రమ్ము గది నేలని వణికిస్తోంది, చెవుల్లోకి వచ్చేది మాత్రం ఎవరో పక్కింట్లో ఖాళీ డబ్బా తన్నినట్టుంది.

అద్దానికి అవతల, బామ్మర్ది కుర్చీ వెనకాల, గాయని చేతులు కట్టుకుని నిలబడింది. ఈ పాటకి ఎవరు వాయిస్తే వాళ్లే ఏడాదిపాటు ఆమె వెంట ఊరూరా తిరిగి కచేరీలు చేస్తారు. పెళ్లైనప్పటి నుంచీ మామగారి టైల్స్ షాపులో కూర్చుని, గిరాకీ లేనప్పుడల్లా బల్ల మీద వేళ్లతో దరువేసుకునే బావకి ఇలాంటి పిలుపు రావడం ఇదే మొదలు, బహుశా ఇదే ఆఖరు కూడా. ఇది పోతే ఇక జన్మలో కర్రలు ముట్టుకోనని రాత్రి భార్యతో అనేశాడు. అలాంటి మాటలు మాట్లాడొద్దని ఆవిడ కసిరింది. పొద్దున్నే లేచి చొక్కా ఇస్త్రీ చేసింది, అటక మీది సూట్‌కేసు దింపి దుమ్ము దులిపింది, రికార్డింగ్ చేసేది నా తమ్ముడేగా, నీకెందుకు బెంగ అని నవ్వుతూ సాగనంపింది.

బామ్మర్ది కొలతల టేపు పట్టుకుని లోపలికొచ్చాడు. తల మీద వేలాడుతున్న రెండు మైకులూ చిన్న డ్రమ్ముకి సమానమైన దూరంలో ఉన్నాయో లేదో కొలిచాడు, ఒకదాన్ని బెత్తెడు జరిపాడు, పెద్ద డ్రమ్ములోకి తల దూర్చి అక్కడి మైకునీ కదిపాడు.

“అసలు రోగమేంట్రా?” అన్నాడు బావ.

“ఫేజు బావా. ఒక్క దెబ్బని రెండు మైకులు వింటాయి కదా. ఒకటి పైకి లాగుతున్నప్పుడే రెండోది కిందికి లాగిందనుకో, రెండూ కొట్టుకుని చస్తాయి. మనకి గాలి మిగుల్తుంది.” నవ్వాడు. “నువ్వూ అక్కా లాగన్నమాట. విడివిడిగా బంగారం. కలిపితే గుండు సున్నా.”

బావకి కూడా నవ్వొచ్చింది. ఇంత టెన్షన్‌లోనూ నవ్వించాలని చూసే బామ్మర్ది ఎంతమందికి దొరుకుతాడు!

నిజంగానే విడివిడిగా బంగారమే. బామ్మర్ది ఒక్కో మైకే తెరిచి వినిపించాడు. పెద్ద డ్రమ్ము గుండెలో గుద్దినట్టుంది. చిన్న డ్రమ్ము చెంప మీద కొట్టినట్టు ఫెళ్లుమంది. అన్నీ కలిపి తెరిచాడో లేదో, మళ్లీ అదే డబ్బా.

“ఫేజు తిరగేసే బటనేదో ఉంటుందటగా, అది నొక్కి చూడరా,” అన్నాడు.

“నొక్కాకే ఇలా ఉంది బావా.”

మళ్లీ కొలిచారు, మళ్లీ జరిపారు, మళ్లీ కొట్టారు. గాయని గడియారం చూసుకుంది. ఏమీ అనుకోవద్దని, ఎందుకైనా మంచిదని ఇంకొకాయన్ని పిలిపించి ఉంచానని, ఆయన్ని ఒక్కసారి కూర్చోబెట్టి చూద్దామని మెత్తగానే చెప్పింది. బావ చెమట తుడుచుకుంటూ లేచొచ్చి, అద్దానికి ఇవతల సోఫాలో కూలబడ్డాడు. ఉంగరాల జుట్టు కుర్రాడొకడు విజిలేసుకుంటూ వెళ్లి ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. బామ్మర్ది మిక్సింగ్ బోర్డు మీదికి వంగి ఏవో బటన్లు సర్దుకున్నాడు.

కుర్రాడు కొట్టాడు.

సోఫా అదిరింది. బావ పక్కటెముకల్లోంచి దూసుకుపోయిందా దెబ్బ. గాయని కళ్లు మూసుకుని తలాడించడం మొదలుపెట్టింది.

“మైకులేమైనా కదిపావా?” బావ బామ్మర్ది చెవి దగ్గర అడిగాడు.

“ఒక్కటీ కదపలేదు బావా. నీ ముందేగా ఉన్నా.”

అవే డ్రమ్ములు, అవే మైకులు. ఇక మిగిలింది చేతులే. బావ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

గాయని ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని కాఫీకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ మీ టైమింగ్ బావుందండీ, దెబ్బలోనే బరువు లేదు అని ఓదార్చింది. ఆమె అటు వెళ్లగానే బావ బామ్మర్ది వైపు తిరిగాడు.

“నా చెయ్యి పోయిందిరా.”

“వయసు బావా. ఏం చేస్తాం.” బామ్మర్ది భుజం నొక్కాడు. “నీ తప్పేం లేదు.”

ఇంట్లో ఉన్న డ్రమ్ముల్ని ఎవరికైనా అమ్మిపెట్టమని బావ అడిగాడు. రేపటినుంచి షాపు పొద్దున తానే తెరుస్తానని మావయ్యతో చెప్పమన్నాడు. నువ్వు చేసినదానికి థాంక్స్‌రా, సొంత తమ్ముడైనా ఇంత కష్టపడడు అన్నాడు. బామ్మర్ది తల దించుకున్నాడు.

కర్రలు తెచ్చుకుందామని బావ మళ్లీ డ్రమ్ముల గదిలోకి వెళ్లాడు. బరువైన తలుపు వెనకాల మూసుకుంది. స్టూలు మీద పడున్న హెడ్‌ఫోన్లు కొక్కేనికి తగిలిద్దామని చేతిలోకి తీసుకుంటే, అందులోంచి బామ్మర్ది గొంతు సన్నగా వినపడుతోంది. అవతల మాట్లాడే మైకు కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నాడు. తనకేదో చెబుతున్నాడేమోనని బావ చెవికి ఆనించుకున్నాడు.

“నువ్వు చెప్పినట్టే చేశానక్కా, సూట్‌కేసు మళ్లీ అటక ఎక్కించెయ్.”