పప్పు మిగలని ఇల్లు

చాట్రాయి మామిడితోటలో కాయలు కోసే ఆడవాళ్లకు తిండి గురించి పాఠం చెప్పడానికి నూజివీడు నుంచి కాత్యాయని వచ్చింది. ముందు వరసలో కూర్చున్న సీతమ్మ కంటి కింది రెప్పను లాగి చూసింది. రక్తం లేక తెల్లగా ఉంది.

"పొద్దున ఏం తిన్నావు?"

"అన్నం, మాగాయండీ."

"అన్నం పనికి శక్తినిస్తుంది, అంతే. అరిగిపోయిన కండను మళ్లీ కట్టేది పప్పు. రక్తం పట్టాలంటే ఆకుకూరలో ఉండే ఇనుము కావాలి. ఇంట్లో పప్పు వండవా?"

"వండుతానండీ. ఆయనా, పిల్లలూ తినేసరికి అయిపోద్ది."

కాత్యాయని పెదవి విరిచింది. "గొడ్డు కూడా తన మేత తను తింటుంది. నీకా పాటి తెలివి లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సీతమ్మ తల వంచుకుంది. ఈ మొద్దులకు ఎంత చెప్పినా ఇంతేనని విసుక్కుంటూ కాత్యాయని బస్సెక్కింది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అత్తగారు మంచం మీంచి లేవకుండానే చెప్పారు. "మీ ఆయన స్నేహితులొచ్చారు. తోటకూర పప్పు అయిపోయింది. మజ్జిగుంది, సర్దుకో."

"అలాగేనండీ" అంది కాత్యాయని. పెళ్లయిన దగ్గర్నుంచీ అంటున్న మాటే అది.

వంటింట్లో నిలబడి అన్నంలో మజ్జిగ పోసుకుంది. ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. పొద్దున తోటలో తను నోరు పారేసుకున్నది ఎవరి మీదో అప్పుడు తెలిసింది.

కంచం పక్కన పెట్టి, స్టవ్ వెలిగించి, కందిపప్పు కడిగింది. చప్పుడు విని అత్తగారు గుమ్మంలోకి వచ్చారు.

"అందరం తిన్నాంగా. ఇప్పుడు పప్పెవరికే?"

"నాకండీ" అంది కాత్యాయని.