సొంతదారు వచ్చేదాకా

"పెద్దాయనా, లే. అది నా కుర్చీ."

ఒక చేతిలో చీజ్ శాండ్‌విచ్, మరో చేతిలో చల్లటి టీ గ్లాసు పట్టుకుని రాండల్ కాబ్ ఎండలో నిలబడి ఉన్నాడు. కుర్చీలో ఉన్నాయన తలెత్తి చూశాడు. నల్లజాతి మనిషి, ఎనభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గడ్డిటోపీ.

"బాబూ, వెనకాల చీటీ ఉంటుంది. ఒక్కసారి చూస్తారా?" అన్నాడు నెమ్మదిగా.

"నా పేరు నాకు తెలుసులే. ఇక లే."

ఆగస్టా గోల్ఫ్ మైదానంలో పోటీలు జరిగే ఆ వారమంతా ఎవరి కుర్చీ వాళ్లు వేసుకుని, వెనక చీటీ మీద పేరు రాసుకుని, ఎక్కడికైనా తిరిగి రావచ్చు. ఎవరూ ఎత్తుకుపోరు. ఖాళీగా కనిపిస్తే ఎవరైనా కాసేపు కూర్చోవచ్చు, సొంతదారు రాగానే మారుమాట లేకుండా లేవాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ రాండల్ చూస్తున్న మర్యాద అది. ముసలాయనకీ తెలిసినట్టే ఉంది. రెండు విడతలుగా లేచి, నడుం సరిచేసుకుని జనంలోకి వెళ్లిపోయాడు.

రాండల్ దర్జాగా కాళ్లు చాపుకున్నాడు. అసలు పోటీ గురువారం. అప్పటిదాకా సాధన రోజులు, అంటే ఆటగాళ్లకి కూడా ఆటవిడుపే. ఈ కుర్చీల ముందున్న పదహారో హోల్ దగ్గరికి ఎవరొచ్చినా జనం ఊరుకోరు, బంతిని చెరువు మీదుగా గెంతించమని అరుస్తారు. ఎంత పెద్ద ఆటగాడైనా నవ్వుకుంటూ బంతిని నీళ్ల మీద గెంతించి అవతలి గట్టుకి చేర్చాల్సిందే. ఒకడి బంతి నాలుగు గెంతులేసి గట్టెక్కింది. రాండల్ ఈల వేశాడు.

పక్క కుర్చీ తాలూకు ఆవిడ అప్పుడే వచ్చి కూర్చుంటూ, ఎజ్రాగారు ఎక్కడికెళ్లారని అడిగింది. ఎజ్రా ఎవరో తనకు తెలియదన్నాడు రాండల్.

"నువ్వు కూర్చున్నావే, ఆ కుర్చీ ఆయనది."

"ఎవరో ముసలాయన ఉంటే లేపానండీ. ఇది నాది. చివరి నుంచి మూడోది, పొద్దున నేనే వేశాను."

"ఏ చివరి నుంచి?" అందావిడ.

రాండల్ నోట్లో ముద్ద ఆగిపోయింది. పొద్దున తను వచ్చింది కొండవైపు దారిన. ఇప్పుడు తిండి కొట్టు దగ్గర నుంచి వచ్చింది చెట్లవైపు దారిన. వరస చూస్తే నలభై కుర్చీలు, అన్నీ ఒకే ఆకుపచ్చ. లేచి వెనక్కి తిరిగి చీటీ చూశాడు. వంకరటింకర పెద్ద అక్షరాల్లో 'ఎజ్రా గ్రెషమ్' అని ఉంది.

ఆవిడ పేరు డార్లీన్. ఆవిడేమీ జాలిపడలేదు. ఎజ్రాగారు ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఎత్తుపల్లాల్లో ఆటగాళ్ల గోల్ఫ్ కర్రల సంచులు మోశాడట. సంచి మోసేవాడికి కూర్చునే తీరికెక్కడిది? ఈ ఏడు మనవరాలు లాటరీలో ఆయనకో టికెట్ సంపాదించింది, ఈ ఒక్క రోజుకే. పొద్దున్నే కుర్చీ కొనుక్కుని, పేరు తనే రాసుకుని, ఆ చీటీని చుట్టుపక్కల అందరికీ చూపించాడట.

"ఇక్కడ కూర్చోవడం ఇదే మొదటిసారి అన్నాడయ్యా ఆయన. నువ్వేమో లేపి పంపించావు."

"చీటీ చూడమన్నాడు," అన్నాడు రాండల్. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"మరి చూడలేదేం?"

దానికి రాండల్ దగ్గర జవాబుంది. అదే అతన్ని కాల్చేసింది. ఆ కుర్చీలో తనలాంటి తెల్లవాడు ఎవరైనా ఉండుంటే, క్షమించండి అంటూ ముందు చీటీ చూసేవాడు. సందేహమే లేదు. మిగిలిన శాండ్‌విచ్ లోపలికి పోలేదు, చెత్తబుట్టలో పడేశాడు.

కుర్చీ ఎవరికీ ఇవ్వొద్దని డార్లీన్‌కి చెప్పి బయల్దేరాడు. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి ఎవరినీ పిలిచే దారి లేదు. పరిగెత్తితే కాపలావాళ్లు ఆపేస్తారు. వడివడిగా నడుస్తూ తిండి కొట్లూ, నీడపట్టులూ, గేటూ అన్నీ గాలించాడు. గడ్డిటోపీ పెట్టుకున్న ముసలాయన బయటికి వెళ్లాడా అని గేటు దగ్గర అడిగితే, కాపలాదారు జనంవైపు చూపించి అలాంటివాళ్లు ఎంతమంది కావాలన్నాడు. 'మీ కుర్చీ మీకోసం ఖాళీగా ఉంది, తప్పు నాది' అని చెప్పాలని దారంతా వల్లించుకున్నాడు. అనుకున్న కొద్దీ ఆ మాట మరీ చిన్నదైపోతోంది. ఆయన ఇంటికెళ్లిపోయి ఉంటే ఆ ఒక్క రోజునీ తను చేజేతులా మట్టిపాలు చేసినట్టే. మళ్లీ ఏ లాటరీ తిరిగి ఇస్తుంది?

గంట తిరిగి, తలెత్తి ఎవరి మొహమూ చూడలేక, కొండవైపు దారిన పదహారో హోల్‌కి దిగాడు. ఇటు చివరి నుంచి మూడో కుర్చీ. వెనక చీటీ మీద తన చేతిరాతలో తన పేరే ఉంది. చీటీకి పైన గడ్డిటోపీ కనిపిస్తోంది.

పొద్దుట్నుంచీ ఖాళీగా పడి ఉన్న కుర్చీ చూసి, సొంతదారు వచ్చేదాకా అనుకుని కాసేపు కూర్చున్నట్టున్నాడు పెద్దాయన. నీళ్ల మీద గెంతుతున్న బంతిని చూసి పక్కవాళ్లతో కలిసి నవ్వుతున్నాడు. రాండల్ కుర్చీ దగ్గరికి నడిచాడు. అతని నీడ మీద పడేసరికి ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. చూసి, నవ్వు ఆపేసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని లేవబోయాడు.

"ఇదీ మీదేనా బాబూ?"